ఊడవని మూల

నా చిన్నప్పుడు మా పెరట్లో చీపురు తగలకూడని చోటు ఒకటుండేది. మాది మంగళగిరిలో నేతపని వాళ్ళ వీధి. ముందు వరండా, మధ్యలో వంటిల్లూ మగ్గం గదీ, వెనక పెరడు. పెరట్లో ఒక పెద్ద బాదం చెట్టు. దాని కింద, ఉత్తరపు గోడ మలుపు తిరిగే చోట, మంచం వాల్చేంత మేర రాలిన ఆకులు రాలినట్టే పడి ఉండేవి. తెల్లవారగానే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెడితే గానీ మా అమ్మ మంచినీళ్ళు కూడా తాగేది కాదు. అలాంటి మనిషి ఇంట్లో ఊడవని మూల ఉందంటే దాని వెనక ఎంత గొడవ జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

పెరడు ఊడ్చే పని నాది. అప్పుడు నాకు పదేళ్ళు. బాదం ఆకులు రాలడం మొదలైతే ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవాలి. అందుకని ఆ మూల జోలికి వెళ్ళక్కర్లేదంటే నాకు పండగే. వీధిలో వాళ్ళకి మాత్రం అది కంట్లో నలుసు. గోడ మీదుగా తొంగి చూసి, "ఆ మూల ఊడవరేందమ్మా, పురుగూ పుట్రా చేరదూ?" అని అమ్మనడిగేవాళ్ళు. అమ్మ ముఖం ముడుచుకుని, "అది మా ఆడబిడ్డ మూల లెండి" అనేది. ఆ మాటతో అవతలివాళ్ళు నోరు మూసుకునేవాళ్ళు. మా మేనత్త సంగతి వీధి మొత్తానికీ తెలుసు.

మేనత్త అంటే నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. ఆమెను కొండపల్లి అవతల, కొండల పక్కనున్న ఒక ఊరికి ఇచ్చారు. నాలుగేళ్ళు కాపురం చేసి, ఒక మధ్యాహ్నం ఒక్కతే బస్సు దిగి వచ్చేసింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో తడిగుడ్డలో చుట్టిన మట్టిముద్ద. సంచి వరండాలో పడేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళి, బాదం చెట్టు నీడలో ఆ ముద్దని దించి, అప్పుడొచ్చి అమ్మని మంచినీళ్ళు అడిగింది. అప్పుడు నాకు ఎనిమిదో ఏడు. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది.

ఆ తర్వాత పెద్దమనుషులు మూడుసార్లు వచ్చారు. వరండాలో కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అత్తని పిలిపించి, మర్యాదగానే అడిగేవాళ్ళు. కొట్టాడా, తిట్టాడా, తిండి పెట్టలేదా, ఏం కష్టమొచ్చిందో చెబితేనే కదా మాకు తెలిసేది అనేవాళ్ళు. కొడితే దెబ్బలేవి అని కూడా ఒకాయన అడిగాడు. నేను తలుపు చాటు నుంచి అంతా వినేదాన్ని. అత్త గుమ్మం పట్టుకుని నిలబడి, "నేను రానండీ" అనేది. ఎందుకు రావు అంటే, "రాను గనక" అనేది. అంతకు మించి ఒక్క మాట కూడా ఆమె నోటి నుంచి రాలేదు. కారణం చెప్పని ఆడదాన్ని ఏం చెయ్యాలో వాళ్ళకి పాలుపోలేదు. మూడోసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ మట్టిముద్దలో ఉన్నవి బఠాణీ గింజలంత తెల్లటి దుంపలు, ఏడో ఎనిమిదో. ఆ కొండల్లో చెట్ల నీడన, ఆకులు కుళ్ళిన మట్టిలో పెరిగే చిన్న మొక్క అది. ఒక్కో దుంపకి ఒక్కటే ఆకు వస్తుంది గనక అత్త దాన్ని ఒంటాకు అనేది. గుండ్రటి ఆకు, విసనకర్రలా మడతలు మడతలుగా, నేలకి అతుక్కున్నట్టు పరుచుకుంటుంది. వానాకాలమంతా ఉంటుంది. చలి తగ్గేసరికి ఎండిపోయి మట్టిలో కలిసిపోతుంది. ఇక మళ్ళీ వాన పడేదాకా అక్కడొక మొక్క ఉందని చెప్పడానికి ఏ ఆనవాలూ ఉండదు. పువ్వు సంగతి ఇంకా వింత. తొలివానకి ఉత్త కాడ ఒకటి పైకి లేచి పూస్తుంది, పువ్వు వాడిపోయాకే ఆకు వస్తుంది. "పువ్వూ ఆకూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవే" అని అత్త చెప్పేది. మా ఇంటికొచ్చాక మాత్రం రెండు వానాకాలాలూ ఆకులే వచ్చాయి గానీ పువ్వు రాలేదు.

దాన్ని పెంచడమంటే చాలావరకు ఏమీ చెయ్యకుండా ఊరుకోవడమే. ఆ ఊరుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. మా పెరటి మట్టిలో నీళ్ళు నిలుస్తాయని అత్త మా ఊరి కొండ కింది నుంచి గులకమట్టి తెచ్చి, పాత పెంకులు చితక్కొట్టి కలిపి, కుళ్ళిన బాదం ఆకులు వేసి జానెడెత్తు దిబ్బ కట్టింది. ఎండాకాలం దాని మీద చుక్క నీళ్ళు పొయ్యదు. పైన రాలిన ఆకులు తియ్యనివ్వదు. మొదటి ఏడు అమ్మ పాపం ప్రేమకొద్దీ ఒక పొరపాటు చేసింది. నేత ఇళ్ళలో మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకి పట్టించగా మిగిలిన గంజి పారబొయ్యరు, కరివేపాకుకీ ఆనపపాదుకీ పోస్తారు. ఆ అలవాటున అమ్మ ఒంటాకు దిబ్బ మీద కూడా ఒక చెంబు గంజి పోసింది. వారం తిరిగేసరికి దుంపలు సగం కుళ్ళాయి. "గంజి పొయ్యమాక వదినా, ఇది మన ఇంటి తిండికి అలవాటు పడ్డది కాదు" అంది అత్త. కోపంగా అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆ మూలకి చెంబు పట్టుకుని ఎవ్వరూ వెళ్ళలేదు.

అత్త మా ఇంట్లో ఊరికే కూర్చుని తినలేదు. తెల్లారి లేచింది మొదలు రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలవి. నాన్న నాడె విసురుతుంటే కండె నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది, వెంటనే ఇంకోటి అందాలి. అందకపోతే మగ్గం ఆగిపోతుంది. మగ్గం చప్పుడు వినే వాళ్ళందరూ నేసేది నాన్నే అనుకుంటారు. కండెలు ఎవరు చుడుతున్నారని, నూలిచ్చి చీరలు నేయించుకునే ఏ షావుకారూ అడగడు. అత్త రాకముందు ఆ పని అమ్మ వంట మధ్యలో, పిల్లల మధ్యలో చేసేది. అత్త వచ్చాక నాన్న రోజుకి ఒక మూర ఎక్కువ నేసేవాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఎప్పుడూ అనేవాడు కాదు.

నాన్న చెడ్డవాడేం కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆ ఎండాకాలం షావుకారు రంగు చీరలు నెయ్యమన్నాడు. రంగు వేసిన నూలు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది, నీడన ఆరాలి. కింద చెత్త అంటకుండా గచ్చు ఉండాలి. వానలు రాకముందే బాదం చెట్టు మూల చదును చేయించి సిమెంటు వేయిస్తానన్నాడు. చెట్టుకి ఇటువైపు కూడా అంతే నీడ ఉందనీ, కాకపోతే నీళ్ళ తొట్టి జరపాల్సి వస్తుందనీ అత్త చెప్పింది. తొట్టిని జరపడం కంటే చెల్లెల్ని జరపడం తేలికనుకున్నాడు నాన్న.

భోజనాల దగ్గర మళ్ళీ ఆ మాటే వచ్చింది. అత్త ఎదురుగానే ఉన్నా నాన్న అమ్మతో అన్నాడు. "ఏముందని అక్కడ, ఎండుటాకులేగా? ఏదన్నా ఉంటే చూపించమను, వదిలేస్తా."

అత్త అన్నం కలుపుకుంటూనే "ఉంది" అంది.

"ఏదీ, చూపించు."

అత్త అన్నం తిని, కంచం కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ మూల ఒక్కటే. బట్టలు పెట్టుకునే గూడు అమ్మది. పడుకునే చాప నా చాప పక్కన. ఆ మంచమంత నేల కూడా పోతే ఆమె తను పుట్టిన ఇంట్లోనే చుట్టంగా మిగులుతుంది. పదేళ్ళ దాన్నయినా ఆ మాత్రం నాకు అర్థమైంది.

చూపిస్తే వదిలేస్తానన్నాడు కదా, ఇంతేగా అనుకున్నాను. మర్నాడు పొద్దెక్కాక అత్త కొట్టుకి వెళ్ళింది. నేను అమ్మ అట్లకాడ పట్టుకుని ఆ మూలకి వెళ్ళాను. ఆకులు పక్కకి లాగితే కింద మట్టి చల్లగా, మెత్తగా, అంత ఎండల్లోనూ కాస్త తేమగా ఉంది. పుట్టగొడుగుల వాసన వేసింది. నాలుగు వేళ్ళ లోతు తవ్వేసరికి దుంపలు దొరికాయి. మొత్తం ఐదు. ఒకటి అట్లకాడకి తగిలి రెండు ముక్కలైంది. మిగతావాటిని పట్టుకుని ఉన్న సన్నటి తెల్లటి పోగులు నేను లాగగానే తెగిపోయాయి. ఆ తెగడం నా వేళ్ళకి తెలిసింది. అయినా ఆగలేదు, ఎందుకంటే నేను అత్తకి మేలు చేస్తున్నాననుకుంటున్నాను.

దుంపల్ని పావడా ఒళ్ళో వేసుకుని మగ్గం దగ్గరికి పరిగెత్తాను. "ఇదిగో నాన్నా, ఉంది చూడు, బతికే ఉంది" అని, మగ్గం కింద నాన్న కాళ్ళు పెట్టుకునే గుంట అంచు మీద వరసగా పెట్టాను. నాన్న నాడె విసరడం ఆపలేదు. ఓరకంట చూసి నవ్వాడు. "ఈ శనగ్గింజలకా మీ అత్త ఇంత రాద్ధాంతం చేసేది?" అన్నాడు. మేస్త్రి రేపు పొద్దున్నే వస్తున్నాడని అమ్మతో చెప్పమన్నాడు. చూపిస్తే వదిలేస్తానన్న మనిషి, చూపించాక నవ్వాడు. నాన్న అబద్ధమాడాడని నేననను. చూడకముందే ఆయన నిర్ణయం అయిపోయింది, అంతే.

అత్త వచ్చి ముందు పెరట్లో గుంత చూసింది, తర్వాత మగ్గం గుంట అంచు మీద దుంపలు చూసింది. ఒక్కొక్కటే ఏరుకుని పైట చెంగులో వేసుకుంది. తెగిన రెండు ముక్కలు కూడా వదల్లేదు. నన్ను ఒక్క మాట అనకపోయేసరికి నాకు భయమేసి ఏడుపు లంకించుకున్నాను. నాన్నే చూపించమన్నాడని వెక్కుతూ చెప్పాను.

"మీ నాన్న అడుగుతాడే. అడగటానికి ఆయనకేం పోయింది?" అంది అత్త, దిబ్బ పక్కన గొంతుక్కూచుని. "రేపు నీ గుండె కొట్టుకుంటందో లేదో చూపించమంటాడు. కోసి చూపిస్తావా?"

నా ఏడుపు అక్కడితో ఆగిపోయింది. అత్త దుంపల్ని ఎక్కడివక్కడ పెట్టి, మట్టి కప్పి, ఆకులు పరిచింది. నా చేత కూడా ఆకులు పరిపించింది. చేతులు దులుపుకుంటూ, పెద్దమనుషులు వచ్చినప్పుడు వరండా గుమ్మంలో నిలబడినట్టే కాసేపు నిలబడింది.

మర్నాడు నేను లేచేసరికి వరండాలో రాట్నం లేదు. అత్త దాన్ని పెరట్లోకి మోసుకెళ్ళి, దిబ్బకి ఆనించి గోనె పరిచి, నూలు బుట్టా ఖాళీ గొట్టాలూ చుట్టూ పెట్టుకుని, సరిగ్గా ఆ మూల మధ్యలో కూర్చుని కండెలు చుడుతోంది. కాసేపటికి మేస్త్రి సిమెంటు బస్తా, ఇసకా తెచ్చి దింపాడు. ఆమెను చూసి, "కాస్త లెగుతారా అమ్మా, పని మొదలెడదాం" అన్నాడు. అత్త తల ఎత్తలేదు. నాన్న మగ్గం గది గుమ్మంలోకి వచ్చి, "లెగు, కాసేపు ఇటు వచ్చి చుట్టుకో" అన్నాడు.

"నూలు మధ్యలో ఉందన్నయ్యా. ఇప్పుడు లేస్తే తెగుద్ది."

ఆ నూలు అయిపోయింది. ఇంకొకటి ఎత్తుకుంది. నాన్న కండె కండె అని లోపల్నుంచి కేక వేస్తున్నాడు. నేను పెరట్లోంచి మగ్గం దగ్గరికీ మగ్గం దగ్గర్నుంచి పెరట్లోకీ తిరుగుతున్నాను. అనుకున్న రోజుకి చీరలు అందకపోతే షావుకారు ఊరుకోడు. ఆమెను చెయ్యి పట్టి లేపితే కండెలు ఆగుతాయి. కండెలు ఆగితే మగ్గం ఆగుతుంది. ఆ లెక్క అత్త ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా రాట్నం గిర్రున తిరుగుతోంది. మేస్త్రి టీ తాగి, చెట్టు కింద కాసేపు కునుకు తీసి, మధ్యాహ్నం భోజనానికని వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజు నాన్నకి కోపం నషాళానికెక్కింది. నా కండెలు నేనే చుట్టుకుంటానని వరండాలో పాత రాట్నం దించుకుని కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మగ్గం మీద ఉన్న మనిషికి కండె చుట్టడం రాదని మాకు ఆ రోజే తెలిసింది. ఆయన చుట్టిన కండె నాడెలో పెడితే నూలు కుప్పలా ఊడొచ్చి చిక్కు పడింది. చిక్కు తీసేసరికి పూట గడిచిపోయింది. అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేను చూశాను. ఆ మధ్యాహ్నం అమ్మ అత్తని భోజనానికి లోపలికి పిలవలేదు. కంచంలో అన్నం పెట్టి తనే పెరట్లోకి తీసుకెళ్ళి, ఆ ఊడవని ఆకుల మీదే పెట్టి వచ్చింది. చీపురు లేకపోతే బతకలేని మనిషి.

ఇంత జరుగుతున్నా నా బెంగ మాత్రం తీరలేదు. నేను తెంపిన పోగులు నాకు గుర్తొస్తున్నాయి. ఆ సాయంత్రం కండెలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, అది చచ్చిపోయిందేమో."

"చచ్చిపోయిందేమో" అంది అత్త. "అయితే?"

అలా అంటుందని నేననుకోలేదు. చచ్చిపోలేదు, వస్తుందిలే అంటుందని ఎదురు చూశాను. "మరి ఇక్కడెందుకు కూర్చున్నావు?" అన్నాను.

"ఇది నా చోటు గనక."

అంత మామూలుగా, కండె గొట్టం మార్చుకుంటూ అంది. నేను ఇంతకాలం ఆమె మొక్క కోసం కూర్చుందనుకున్నాను. మొక్క ఉంటేనే ఆమెకి ఆ మూల దక్కుతుందని, లేకపోతే దక్కదని, నాన్న చెప్పిన లెక్కే నేనూ నమ్మి అట్లకాడ పట్టుకుని వెళ్ళాను. ఆమె ఆ లెక్కలోకే దిగలేదు.

నాలుగో రోజుకో ఐదో రోజుకో మేస్త్రికి వేరే పని తగిలి రావడం మానేశాడు. మృగశిర కార్తె రాకముందే పెద్ద వాన ఒకటి పడింది. బస్తా లోపల పెట్టాలని ఎవరికీ తోచలేదు, పట్టుదలలు అలాంటివి. తెల్లారేసరికి సిమెంటు బస్తాతో సహా బిగుసుకుని రాయైపోయింది. గోనె పోగుల అచ్చులు కూడా దాని మీద పడ్డాయి. దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు. ఇద్దరు మనుషులు దొర్లించి గోడ వారకి చేరిస్తే, అత్త దాని మీద పాత చీర మడిచి వేసుకుని పీట చేసుకుంది. ఆ తర్వాత పాతికేళ్ళు ఆమె కండెలు చుట్టింది ఆ రాయి మీద కూర్చునే. నాన్న చివరికి నీళ్ళ తొట్టి జరిపించి గచ్చు ఇటువైపు వేయించుకున్నాడు. తొట్టి జరపడం మంచి ఆలోచన అని, అది తనకే వచ్చిందని వీధిలో చెప్పుకున్నాడు కూడా.

ఆ ఏడు వానాకాలమంతా ఆ దిబ్బ మీద ఏమీ మొలవలేదు. నాన్న ఒకటి రెండుసార్లు, ఇక వేళాకోళంగానే, "ఏదమ్మా నీ మొక్క?" అని అడిగాడు. అత్త "ఉంది" అనేది. "ఎక్కడ?" "అక్కడే." నేను రోజూ పెరడు ఊడుస్తూ ఆ మూల దాకా వెళ్ళి, చీపురు ఆపి, వట్టి ఆకుల్ని చూసి వెనక్కి వచ్చేదాన్ని. ఆ వెనక్కి రావడం నాకు నేను వేసుకున్న శిక్ష.

మరుసటి ఏడు రూపాయి బిళ్ళంత ఆకు ఒక్కటి వచ్చింది. ఆ పై ఏడు మూడు వచ్చాయి. ఇంకో ఏడు, తొలివాన పడిన నాలుగో రోజు, అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. గొంతుక్కూచుని ఒక ఎండుటాకు పైకెత్తింది. కింద జానెడు కాడ, ఆకు లేదు, ఏమీ లేదు. చివర తల వంచుకుని ఒక పువ్వు. లేత ఆకుపచ్చ రేకులు, మధ్యలో గులాబీ రంగు నాలిక. అంత గొప్పగా ఏమీ లేదు, నిజం చెప్పాలంటే. తలలో పెట్టుకోవడానికి పనికి రాదు, దేవుడికీ పెట్టరు. అయినా నేను ఆగలేక, "నాన్నని పిలుస్తా!" అని లేవబోయాను.

అత్త నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. "నువ్వు చూశావుగా, చాలు" అంది. ఆకు మళ్ళీ పైన కప్పేసింది. మూడు రోజులుండి ఆ పువ్వు వాడిపోయింది. నాన్న ఇరవై అడుగుల దూరంలో మగ్గం నేస్తూనే ఉన్నాడు, ఆయనకి తెలియను కూడా తెలియదు. అప్పుడు నాకది మొండితనంలా అనిపించింది. గెలిచి కూడా గెలిచానని చెప్పుకోదేం అని ఉడుక్కున్నాను. తర్వాత్తర్వాత అర్థమైంది. చూపించి గెలిస్తే ఆ మూల నాన్న ఇచ్చినదైపోతుంది. ఆమెకి ఇప్పించుకోవడం ఇష్టం లేదు.

ఆ నాలుగేళ్ళ కాపురంలో ఏం జరిగిందో అత్త పోయేదాకా ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా. నేను అడగలేదు. నాకు పన్నెండేళ్ళు దాటాక ఒకసారి అడగాలనిపించింది గానీ, అట్లకాడ గుర్తొచ్చి ఊరుకున్నాను.

నాకు విజయవాడలో టీచరుద్యోగం వచ్చి, భవానీపురంలో కాపురం పెట్టినప్పుడు అత్త తడిగుడ్డలో చుట్టి మూడు దుంపలిచ్చింది. అవి ఏటేటా పక్కన పిల్లలు పెడతాయి. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉత్తరం వైపు సందులో, నిమ్మచెట్టు కింద, పెంకు ముక్కలూ ఎండుటాకులూ వేసి నేనూ జానెడు దిబ్బ కట్టాను. మా స్కూల్లో బోటనీ చెప్పే ఆవిడ చూసి, ఇదొక రకం ఆర్కిడ్ అండీ, మన అడవుల్లోదే అంది. సన్మానాల్లో బొకేల్లో గుచ్చే ఆ కొనుక్కొచ్చిన పూలకి ఇది చుట్టమని తెలిసి నవ్వొచ్చింది. మా పనమ్మాయికి ముందే చెప్పేస్తాను, అన్నీ ఊడువు, ఆ మూల ఊడవకు అని. పిచ్చిదనుకుంటుంది. అనుకోనీ.

ఈ ఎండాకాలం మా అబ్బాయి ఆ సందంతా టైల్స్ వేయించి, బండ్లు పెట్టుకుందామన్నాడు. వాడూ చెడ్డవాడేం కాదు, వాళ్ళ తాత పోలిక. "అమ్మా, అక్కడ ఏముంది, ఎండుటాకులేగా?" అన్నాడు. నాకూ అవునేమో అనిపించింది. పోయిన వానాకాలం వీధంతా నీళ్ళొచ్చినప్పుడు ఆ దిబ్బ రెండు రోజులు మునిగే ఉంది. ఒక్క చెంబు గంజికే సగం కుళ్ళే దుంపలవి. ఉన్నాయో పోయాయో నిజంగా నాకే తెలియదు. తవ్వి చూస్తే తెలిసిపోతుంది. అట్లకాడలు ఇంట్లో నాలుగున్నాయి.

టైల్స్ మనిషి నిన్న పొద్దున కొలతలకి వచ్చాడు. అప్పటికే నేను ప్లాస్టిక్ కుర్చీ ఆ సందులో వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నాను. అతను టేపు పట్టుకుని నిలబడి, దిబ్బ వంకా నా వంకా చూసి, "ఇక్కడేమన్నా ఉందాండీ?" అన్నాడు.

"ఉంది" అన్నాను.

"ఏం కనపడట్లేదు గదండీ."

నేను కుర్చీ ఇంకాస్త ముందుకు, దిబ్బ పక్కకి జరుపుకుని, చేటలోంచి ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాను.